కోడి ఇంటికి వైద్యుడు

కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబరు సాయంత్రం, అల్ ఖర్జ్‌లో నేను పనిచేస్తున్న క్లినిక్‌కు నలభై ఏళ్ళ తెలుగు మనిషి ఒకరు వచ్చారు. కుడికన్ను ఎర్రబడి నీరు కారుతోంది. రెప్ప కొద్దిగా వాచింది. చూపు బాగానే ఉంది, నొప్పి పెద్దగా లేదు, ఒళ్ళు మాత్రం కాస్త వెచ్చగా ఉంది. కళ్ళకలక అనుకుని చుక్కల మందు రాసి పంపడం రెండు నిమిషాల పని. చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి ఆయన అన్న మాట నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది.

"సార్, నాలుగు దినాలుగా కోళ్ళు చచ్చిపోతాండాయి. మొన్న మీరు రాసిచ్చిన మాత్రలు మిగిలింటే నలగ్గొట్టి నీళ్ళలో కలిపి పెట్టినా. అయినా నిలవడం లేదు."

మొన్న నేను రాసిచ్చినది విరేచనాలకు సిప్రోఫ్లాక్సాసిన్. రెండు రోజులకు తగ్గగానే ఆయన మానేశారు, మిగిలినవి దాచుకున్నారు. కడప జిల్లా నుంచి వచ్చి ఒక సౌదీ కుటుంబపు ఇస్తిరాహాలో కాపలా పని చేస్తున్నారు. ఇస్తిరాహా అంటే ఊరి వెలుపల ఉండే విశ్రాంతి గృహం. ప్రహరీ లోపల నాలుగు ఖర్జూరపు చెట్లు, ఒక గది, ఒక పచ్చిక తిన్నె, పిల్లలు ఆడుకోవడానికి కొన్ని జంతువులు ఉంటాయి. ఆ ఇంటివారికి కోళ్ళంటే మోజు. కాళ్ళకు కూడా ఈకలుండే బ్రహ్మా కోళ్ళు, ఉన్నిబంతుల్లాంటి సిల్కీలు, కొన్ని బలదీ కోళ్ళు, అంటే అక్కడి నాటు కోళ్ళు, అన్నీ కలిపి ముప్ఫై దాకా ఉన్నాయి. వాటికి పిల్లలు పేర్లు పెట్టుకున్నారు. ఆ గుడ్లు ఎవరు తింటున్నారని అడిగాను. "పిల్లోళ్ళే సార్" అన్నారు.

ఎర్రబడిన కన్ను, చచ్చిపోతున్న కోళ్ళు, నీళ్ళలో కలిసిన నా మాత్రలు, పిల్లల పళ్ళెంలోని గుడ్లు. ఈ నాలుగింటినీ కలిపి చూడగలిగిన మనిషి క్లినిక్‌లో కూర్చునే నేను కాదు, ఆ గూటి దగ్గరకు వెళ్ళే పశువైద్యుడు. ఆ రాత్రి యజమానికి ఫోన్ చేసి, తెల్లవారే పశువైద్యుణ్ణి పిలిపించమని చెప్పాను. మర్నాడు శుక్రవారం కావడంతో నేనూ వెళ్ళాను. అక్కడ చూసినవీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి ఈ వ్యాసం. ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటే: పెంపుడు కోడికి వైద్యం దాని గూటి దగ్గరే జరగాలి. కానీ గూటి నుంచి గూటికి తిరిగే వైద్యుడే రోగాన్ని మోసుకువెళ్ళే వాహనం కూడా కాగలడు. ఈ రెండు నిజాలనూ ఏకకాలంలో గుర్తుంచుకోవడమే ఆ వైద్యంలోని సారం.

ఎడారిలో ఒక పాడిపంటల ఊరు

అల్ ఖర్జ్ రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకప్పుడు లోతైన సహజ జలాశయాలున్న చోటు. 1940లలో రాజు అబ్దుల్ అజీజ్ కాలంలో అమెరికన్ నిపుణుల సహాయంతో ఇక్కడ ఆధునిక వ్యవసాయానికి పునాది పడింది. తర్వాత ఇసుక మధ్య వేలాది ఆవులున్న పాడి క్షేత్రాలు వెలిశాయి. గల్ఫ్‌లో ఉన్నవారికి అల్ మరాయ్, అల్ సాఫీ పేర్లు పరిచయం చేయనక్కరలేదు. పాడితో పాటు కోళ్ళ పరిశ్రమ కూడా ఈ ప్రాంతంలో పెద్దది. గాలి, వేడి, మేత, నీరు అన్నీ యంత్రాలతో నియంత్రించే షెడ్లలో వేల కోళ్ళు ఒకే కప్పు కింద పెరుగుతాయి.

ఇస్తిరాహాలలోని ముప్ఫై కోళ్ళకూ ఆ షెడ్లలోని వేల కోళ్ళకూ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్ల ఇసుక మాత్రమే. మేత బండ్లు, గుడ్ల అట్టలు, పనివారి చెప్పులు, పిచ్చుకలు ఆ దూరాన్ని రోజూ దాటుతూనే ఉంటాయి. 2007 నవంబరులో అల్ ఖర్జ్ కోళ్ళ ఫారాలలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. వ్యాప్తిని ఆపడానికి లక్షల సంఖ్యలో కోళ్ళను చంపి పూడ్చవలసి వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2017 డిసెంబరులో, రియాద్‌లోని అజీజియా పక్షుల సంతలో హెచ్5ఎన్8 రకం కనిపించింది. రెండోసారి అది బయటపడిన చోటు ఫారం కాదు, ముచ్చట కోసం పక్షులు కొనుక్కునేవారు తిరిగే సంత. అందుకే పెంపుడు కోడి జబ్బు ఆ ఇంటి సొంత వ్యవహారంగా మిగలదు. ఒక ఇంటి గూటిలో తొలిరోజు గుర్తించని రోగం ఊరి జీవనాధారాన్నే దెబ్బతీయగలదు.

ఈ మాట తెలుగు నేలకూ వర్తిస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాలలో హెచ్5ఎన్1 నిర్ధారణ అయింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ ఆ వైరస్ సోకి మరణించింది. ప్రతి కోడి జ్వరాన్నీ చూసి బెదిరిపోవాలని ఇందుకు అర్థం కాదు. కానీ కోడి చనిపోతే చెత్తబుట్టలో వేసి ఊరుకునే రోజులు పోయాయని మాత్రం అర్థం.

క్లినిక్‌కు ఎందుకు తీసుకుపోకూడదు

కుక్కనైతే బండిలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోతాం. కోడిని ఎందుకు తీసుకుపోకూడదు? ఇందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది కోడి స్వభావం. కోడి వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే పక్షి. నీరసించినట్లు కనబడితే గద్దకూ, గుంపులోని తోటి కోళ్ళకూ లోకువైపోతుంది. అందుకని ఓపిక ఉన్నంతసేపు జబ్బును దాచుకుంటుంది. అట్టపెట్టెలో పెట్టి, అరగంట కారులో కుదిపి, కుక్కలు మొరిగే గదిలో బల్ల మీద నిలబెడితే భయంతో నిటారుగా నిలబడుతుంది. వైద్యుడికి అప్పుడు కనిపించేది జబ్బు కాదు, భయం. అదే తన గూటిలో తనకు తెలియకుండా పది నిమిషాలు గమనిస్తే నిజం బయటపడుతుంది.

రెండవది ఎండ. కోడి సాధారణ దేహోష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. దానికి స్వేదగ్రంథులు లేవు. ఒంటి వేడిని తగ్గించుకోవడానికి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, రెక్కలు ఎడంగా పెట్టుకుంటుంది. అల్ ఖర్జ్ వేసవిలో పగటి వేడి 45 డిగ్రీలు దాటుతుంది. అటువంటప్పుడు పెట్టెలో ప్రయాణమే ప్రాణాంతకం. పైగా ఆ ఎండలో ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా శ్వాసకోశ వ్యాధి ఉన్నదానిలాగే నోరు తెరిచి రొప్పుతుంది. రెండింటికీ తేడా తెలియాలంటే వైద్యుడు తెల్లవారుజామున, గాలి చల్లగా ఉన్న వేళ గూటి దగ్గర ఉండాలి. అందుకే ఆ ఊరి పశువైద్యుడు వేసవిలో కోళ్ళను చూడవలసి వస్తే తొలి నమాజు వేళకు బయలుదేరతారట.

మూడవది క్లినిక్‌లోని తక్కిన జంతువులు. గల్ఫ్‌లో పశువైద్యుని గదిలో కోడి పక్కన కూర్చునేది పిల్లి కావచ్చు, లక్షల రియాళ్ళు విలువచేసే డేగ కావచ్చు. బర్డ్ ఫ్లూ రెండింటికీ సోకుతుంది. జబ్బు ఏమిటో తెలియని కోడిని ఆ గదిలోకి తీసుకురావడం, దగ్గుతున్న క్షయరోగిని పసిపిల్లల వార్డులో కూర్చోబెట్టడం వంటిది.

గూటి దగ్గర పరీక్ష

ఆ శుక్రవారం వచ్చిన పశువైద్యుడు సూడాన్ దేశస్థుడు. ఆయన కారును గేటు లోపలికి తీసుకురాలేదు, రోడ్డు పక్కనే నిలిపారు. నన్ను గూటికి ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి, "డాక్టర్, ఇక్కడ మీరు చుట్టాలు మాత్రమే" అని నవ్వారు. తర్వాత కొంతసేపు ఏమీ చేయలేదు. ఊరికే చూస్తూ నిలబడ్డారు.

ఆ చూపే పరీక్షలో మొదటి సగం. గుంపుకు దూరంగా ఏది నిలబడింది? ఈకలు ఉబ్బించి, మెడ లోపలికి లాక్కుని ఏది కునుకుతోంది? శ్వాసతో పాటు తోక పైకీ కిందికీ ఊగుతోందా? తురాయి ఎర్రగా ఉందా, పాలిపోయిందా, నీలంగా మారిందా? రెట్టలు ఏ రంగులో ఉన్నాయి? మేత వేసినప్పుడు ఏది ఆలస్యంగా వచ్చింది? మనుషుల వైద్యంలో రోగి కథ వినడానికి ఎంత విలువ ఉందో, కోడి వైద్యంలో గుంపును చూడటానికి అంత విలువ ఉంది. ఇక్కడ రోగి ఒక కోడి కాదు, మొత్తం గుంపు.

తర్వాత కోడిని చేతిలోకి తీసుకోవడం. మనలా కోడికి ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదలడం వల్లనే దాని వాయుకోశాలలోకి గాలి వెళ్ళి వస్తుంది. ముద్దు చేస్తూ రొమ్మును గట్టిగా అదిమి పట్టుకుంటే అది ఊపిరాడక చనిపోవచ్చు. పిల్లలకు మొదట నేర్పవలసినది ఇదే. వైద్యుడు రెక్కలను ఒంటికి ఆనించి, రొమ్మును వదులుగా ఉంచి పట్టుకుంటారు. రొమ్ము ఎముకకు ఇరుపక్కలా కండ ఎంత ఉందో తడిమి, ఎన్నాళ్ళుగా చిక్కిపోతోందో అంచనా వేస్తారు. మెడ మొదట్లో మేత నిలిచే సంచిని తడుముతారు. రాత్రంతా మేత లేని కోడికి తెల్లవారేసరికి అది ఖాళీగా ఉండాలి. ఇంకా నిండుగా, మెత్తగా, పుల్లటి వాసనతో ఉంటే జీర్ణమార్గం కదలడం లేదని అర్థం. ఈ పరీక్షకు కూడా ఉదయమే సమయం. పాదాల అడుగున నల్లటి పెచ్చు కట్టిన వాపు ఉంటే గట్టి నేల వల్లనో, ముల్లు వల్లనో పుండు పడి స్టెఫైలోకాకస్ చేరిందని ఊహించవచ్చు. కాళ్ళ మీది పొలుసులు పైకి లేచి ఉంటే వాటి కింద పురుగు ఉంది.

చివరకు గూడు. క్లినిక్‌లో ఎంత గొప్ప వైద్యుడైనా చూడలేనిది ఇదే. రెడ్ మైట్ అనే చిన్న పురుగు పగలంతా దండేల పగుళ్ళలో దాక్కుని రాత్రిపూట వచ్చి నిద్రపోతున్న కోడి రక్తం తాగుతుంది. పగలు క్లినిక్‌కు తెచ్చిన కోడి ఒంటి మీద అది కనిపించదు. కోడి పాలిపోయిందని ఐరన్ టానిక్ రాస్తే ఉపయోగం ఏముంటుంది? గూటిలో కూర్చుని ముక్కుతో పీల్చి చూస్తే అమోనియా ఘాటు తెలుస్తుంది. కళ్ళు మండితే కోళ్ళ శ్వాసనాళాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. నీళ్ళ తొట్టి ఎండలో ఉందా, నీళ్ళు వేడెక్కి తాగకుండా ఉన్నాయా, మేత బస్తా తేమకు బూజు పట్టిందా, పిచ్చుకలు లోపలికి వస్తున్నాయా? ఇవన్నీ మన ప్రయోగశాల నివేదికలతో సమానమైన సమాచారం.

వేసవిలో గుడ్ల పెంకు పలచబడటం కూడా చాలామందిని కలవరపెడుతుంది. ఎండకు రొప్పే కోడి బొగ్గుపులుసు వాయువును అతిగా వదిలేస్తుంది. దానితో రక్తంలో క్షారత పెరిగి, పెంకు తయారీకి కావలసిన కార్బొనేటు, కాల్షియం లభ్యత తగ్గుతాయి. అది రోగం కాదు, వేడి. కానీ డిసెంబరులో, చల్లటి గాలిలో, తోలుగుడ్లు పడుతూ కోళ్ళు చనిపోతుంటే మరోలా ఆలోచించాలి. ఆ ఇస్తిరాహాలో జరిగింది అదే. రెట్టలు పచ్చగా ఉన్నాయి. ఒక సిల్కీ మెడ మెలితిరిగి, తల వెనక్కి వాలిపోయి, తన చుట్టూ తానే తిరుగుతోంది.

కొక్కెర తెగులు

పల్లెలో పుట్టినవాళ్ళం ఆ మెడ మెలికను మరచిపోలేము. మా ఇంట్లో అమ్మ ఒక ఉదయం గంప ఎత్తేసరికి ఎనిమిది కోళ్ళూ పడి ఉన్నాయి. ఊరంతా దానిని కొక్కెర తెగులు అనేవారు. పశువుల ఆసుపత్రి బోర్డు మీద రాణిఖేత్ వ్యాధి అని ఉండేది. ప్రపంచం దానిని న్యూకాజిల్ వ్యాధి అంటుంది. 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణం దగ్గరా గుర్తించిన ఆ రోగం కొద్దికాలానికే కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో కనబడటంతో మనకు ఆ పేరు నిలిచింది.

ఆ వైరస్ మనుషులకు పెద్దగా హాని చేయదు. కోళ్ళను పట్టుకున్న చేతితో కన్ను నలుపుకుంటే కళ్ళకలక వస్తుంది, ఒక్కోసారి కొద్దిపాటి జ్వరం తగులుతుంది, సాధారణంగా వారం రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ప్రయోగశాలలో ఈ విధంగా ఒక మనిషికి సోకిన సంగతిని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ 1943లో ప్రకటించారు. నేను మామూలు కళ్ళకలక అనుకున్నది బహుశా అదే. కానీ గూటి దగ్గర కంటిచూపుతో న్యూకాజిల్ వ్యాధినీ, ప్రమాదకరమైన బర్డ్ ఫ్లూనూ వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. రెండింటిలోనూ హఠాత్తు మరణాలు, శ్వాస ఇబ్బంది, విరేచనాలు, నరాల లక్షణాలు ఉంటాయి. పీసీఆర్ పరీక్ష తప్పనిసరి.

అందుకని ఆయన బతికున్న కోళ్ళ గొంతు నుంచీ, మలద్వారం నుంచీ స్వాబ్‌లు తీసుకున్నారు. ఆ ఉదయమే చనిపోయిన కోడిని రెండు సంచుల్లో మూటకట్టి ఐసు పెట్టెలో పెట్టించారు. గడ్డకట్టిస్తే కణజాలం పాడవుతుంది కనుక ఫ్రీజరులో పెట్టకూడదు, చల్లగా ఉంచి ఒక రోజులోపల ప్రయోగశాలకు చేర్చాలి. ఆ కోడి ఇంటి చిన్నపిల్లది. దానిని కోసి చూస్తారా అని ఆ పిల్ల ఏడ్చింది. ఆయన ఆ పిల్ల ముందు కూర్చుని, మిగిలిన కోళ్ళను కాపాడటానికి ఈ కోడి ఒక్కటే నిజం చెప్పగలదని అరబీలో నెమ్మదిగా చెప్పారు. మరణించిన రోగి బంధువులను శవపరీక్షకు ఒప్పించడం ఎంత కష్టమో తెలిసిన నాకు, ఆ రెండు నిమిషాలూ ఒక పాఠం.

మా రోగి ముక్కు, గొంతు స్వాబ్‌లు ఆ రాత్రే పంపించాము. అందులో ఫ్లూ లేదని తేలింది. కోళ్ళలో తేలింది న్యూకాజిల్ వ్యాధి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న రోగం కనుక ఆయన వెంటనే వ్యవసాయశాఖ స్థానిక కార్యాలయానికి తెలియజేశారు. ఆ రోగానికి మందు లేదు. మెడ తిరిగినవాటికి బాధలేని మరణం ఇచ్చారు. మిగిలినవాటిని గేటు దాటకుండా కట్టడి చేశారు. సగం కూడా మిగలలేదు.

వైద్యుడి బూట్లు

1789 నుంచి 1792 వరకు స్కాట్లండులోని అబర్డీన్ పట్టణంలో బాలింతలు వరుసగా సూతికా జ్వరంతో చనిపోయారు. అలెగ్జాండర్ గోర్డన్ అనే వైద్యుడు రోగుల పేర్లను, వారికి పురుడు పోసినవారి పేర్లను పక్కపక్కన రాసి చూశారు. జబ్బు గాలిలో లేదు, ఇంటింటికీ తిరిగిన మంత్రసానులతోనూ, వైద్యులతోనూ వెళ్ళింది. ఆ వాహకులలో తానూ ఒకణ్ణని 1795లో అచ్చువేసిన పుస్తకంలో ఆయన ఒప్పుకున్నారు. ఊరు ఆయనను క్షమించలేదు. ఆయన అబర్డీన్ వదిలి నౌకాదళానికి తిరిగిపోవలసి వచ్చింది. వియన్నాలో సెమ్మెల్‌వైస్ చేతులు కడిగించడానికి అప్పటికి ఇంకా యాభై ఏళ్ళ పైమాటే ఉంది.

ఇంటికి వెళ్ళి చేసే వైద్యంలోని ప్రమాదం అంతా ఆ కథలో ఉంది. కోళ్ళ వైద్యంలో అది మరింత తీవ్రం, ఎందుకంటే రోగం రెట్టలో ఉంటుంది, రెట్ట బూటు అడుగున ఉంటుంది. కాబట్టి పశువైద్యుని పనిలో సగం ఆయన లోపలికి ఎలా వచ్చారు, బయటకు ఎలా వెళ్ళారు అన్నదే. కారు బయట ఆపాలి. ఆ ఇంటికే కేటాయించిన బూట్లు గానీ, వాడి పారేసే తొడుగులు గానీ వేసుకోవాలి. ఒకే ఇంట్లో అయినా ముందు పిల్లలు, తర్వాత పెద్దవి, ముందు ఆరోగ్యంగా ఉన్నవి, చివర జబ్బుపడినవి, ఈ వరుస తప్పకూడదు. బయటకు వచ్చేటప్పుడు బూటు మీది పెంటను మొదట సబ్బునీళ్ళతో రుద్ది కడగాలి, ఆ తర్వాతే క్రిమిసంహారకం. పెంట మీద బ్లీచింగు పోస్తే బ్లీచింగే నిర్వీర్యమవుతుంది. ఫ్లూ, న్యూకాజిల్ వైరస్‌లు రెండింటికీ కొవ్వు పొర ఉంటుంది కనుక మామూలు సబ్బు వాటికి మంచి శత్రువు. అనుమానం ఉన్న ఇంటి నుంచి ఆ రోజు ఇంకో గూటికి పోకూడదు. ఆ శుక్రవారం తనకున్న మరో రెండు పిలుపులను ఆయన నా ఎదుటే రద్దు చేసుకున్నారు. ఆ రెండు ఇళ్ళ రుసుమూ పోయింది. నాకు ఆ రోజు ఆయన చేసిన గొప్ప చికిత్స అదే అనిపించింది.

ఇంటి కోళ్ళ వైద్యుడు రోగాన్ని మోసేవాడు కాకుండా జాగ్రత్తపడితే ప్రాంతానికంతటికీ కాపలాదారు అవుతాడు. 2018 మేలో దక్షిణ కాలిఫోర్నియాలో ప్రాణాంతకమైన న్యూకాజిల్ వ్యాధి లాస్ ఏంజెలెస్ కౌంటీలోని ఒక పెరటి ప్రదర్శన కోళ్ళ గుంపులో బయటపడింది. ఒక ప్రైవేటు పశువైద్యుడు జబ్బు కోళ్ళ నమూనాలను ప్రయోగశాలకు పంపడం వల్లనే అది తెలిసింది. 2020 వేసవిలో నిర్మూలించామని ప్రకటించేలోపు పన్నెండు లక్షలకు పైగా కోళ్ళను చంపవలసి వచ్చింది. ఆ నమూనాలు పంపకపోయి ఉంటే ఆ సంఖ్య ఎక్కడికి పోయేదో ఊహించుకోవచ్చు.

పోటీ కోడి

ఆ కాలిఫోర్నియా కథలోని ప్రదర్శన కోళ్ళ సంగతి కొంచెం ఆగి చూడాలి. ఇంగ్లండులో 1835లో కోడి పందేలను నిషేధించాక పుంజుల మోజు ప్రదర్శనల వైపు మళ్ళింది. చైనా రేవుల నుంచి వచ్చిన భారీ కోళ్ళు జనాన్ని వెర్రెత్తించాయి. 1852లో అమెరికా వ్యాపారి జార్జ్ బర్న్‌హామ్ విక్టోరియా రాణికి కానుకగా పంపిన కోళ్ళ జాతికి చివరకు నిలిచిన పేరు బ్రహ్మా, మన బ్రహ్మపుత్ర నది పేరు. ఇప్పుడు అదే కోడి రియాద్ సంతలో రాచఠీవితో తిరుగుతోంది. మన వైపు అందం కంటే పోరాటం ముఖ్యం. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగులు చూసి, కుక్కుట శాస్త్రం తిరగేసి, బాదం పప్పు పెట్టి, ఈత కొట్టించి అసీల్ పుంజును పెంచుతారు. చట్టం కాదన్నా సంక్రాంతికి బరిలోకి దింపుతారు.

అందానికైనా పందేనికైనా, ఎక్కడెక్కడి కోళ్ళో ఒకచోట చేరి, ఒకదాని ఊపిరి ఇంకొకటి పీల్చి, సాయంత్రానికి తిరిగి తమ తమ ఊళ్ళకు పోతాయి. రోగం వ్యాపించడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. న్యూకాజిల్ వ్యాధి సోకిన కోడిలో లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు. అందువల్ల సంతలో కొన్న కోడిని గానీ, పోటీ నుంచి తిరిగి వచ్చిన కోడిని గానీ నెల రోజుల పాటు వేరే గూటిలో, వేరే తొట్టితో, రోజూ చివరిగా చూసుకునేట్లు ఉంచాలి. ఆ ఇస్తిరాహాలోకి రోగం వచ్చిన దారి కూడా ఇదే కావచ్చు. పది రోజుల ముందు సంత నుంచి రెండు సిల్కీలు తెచ్చి నేరుగా గుంపులో వదిలారు.

వెయ్యి డోసుల సీసా

టీకా వేయించి ఉంటే ఇది జరిగేదా అని యజమాని అడిగారు. చాలావరకు జరిగేది కాదు. మరి ఎందుకు వేయించలేదు? ఆయన అడిగినచోటల్లా టీకా సీసా వెయ్యి డోసులది. ముప్ఫై కోళ్ళకు వెయ్యి డోసులా అని ఊరుకున్నారు.

కోళ్ళ టీకాలన్నీ ప్రధానంగా ఫారాల కొలతకు తయారవుతాయి. లసోటా వంటి సజీవ టీకా పొడిగా సీసాలో ఉంటుంది. ద్రావకం కలిపిన తర్వాత ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, ఆ పైన వైరస్ చచ్చిపోతుంది. చల్లదనం ఆద్యంతం తప్పకూడదు. తాగే నీళ్ళలో కలిపి ఇవ్వాలంటే ఆ నీళ్ళలో క్లోరిన్ ఉండకూడదు, ఉంటే కొంచెం వెన్న తీసిన పాలపొడి కలిపి దాని ప్రభావాన్ని చంపాలి. మారెక్స్ వ్యాధి టీకా మరీ కష్టం. దానిని పిల్ల గుడ్డు నుంచి బయటపడిన రోజునే ఇవ్వాలి, సిల్కీలేమో ఆ వ్యాధికి మిక్కిలి లోనయ్యే జాతి.

ఇక్కడ ఒక ధర్మసంకటం ఉంది. వైద్యుడు ఒకే ఉదయం పది ఇళ్ళు తిరిగితే ఒక సీసా పదిమందికి సరిపోతుంది, ఖర్చు తగ్గుతుంది, టీకా వృథా కాదు. కానీ ఒకే ఉదయం పది గూళ్ళు తిరగడమే మనం ఇంతసేపూ వద్దన్న పని. ఆ వైద్యుడు చెప్పిన మార్గం నాకు నచ్చింది. టీకా రోజు వేరు, జబ్బు రోజు వేరు. టీకా రోజున రెండు వారాలుగా ఏ కోడీ జబ్బుపడని ఇళ్ళకే వెళతారు. ముందురోజు ఫోన్‌లో అడిగి నిర్ధారించుకుంటారు. గూటిలో అడుగు పెట్టరు. ఇంటివారే కోళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుని గేటు దగ్గరకు తెస్తారు, ఆయన కంటిలో ఒక చుక్క వేస్తారు. ఏ ఇంట్లోనైనా ఒక కోడి తుమ్మిందని తెలిస్తే ఆ ఇల్లు జాబితా నుంచి తప్పుకుంటుంది. చవకగా, సురక్షితంగా ఉండే దారి ఇదొక్కటే. అయితే ఇది సాగాలంటే పొరుగిళ్ళవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, జబ్బును దాచకూడదు.

మాత్ర, గుడ్డు

చివరకు నా మాత్రల సంగతి. న్యూకాజిల్ వైరస్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదు. పనిచేసే బాక్టీరియా జబ్బే అయినా నీళ్ళలో కలిపిన మందుకు కొలత ఉండదు. ఎండ ఎక్కువైన రోజు ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్టింపు నీళ్ళు తాగి అతిమోతాదు పుచ్చుకుంటుంది, నిజంగా జబ్బుపడిన కోడి నీళ్ళే ముట్టదు. గుడ్డులోని పచ్చసొన పెట్టడానికి ముందు సుమారు పది రోజుల పాటు పెరుగుతూ ఉంటుంది. ఆ రోజులలో కోడి రక్తంలో ఉన్న మందు సొనలో చేరుతుంది. అంటే మందు మానిన వారం తర్వాత పెట్టిన గుడ్డులో కూడా దాని శేషం ఉండవచ్చు. అది పిల్లల పళ్ళెంలోకి వస్తుంది.

కోళ్ళలో ఎక్కువగా వాడిన ఎన్రోఫ్లాక్సాసిన్ ఒంటిలో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. మనుషులలో విరేచనాలు కలిగించే కాంపైలోబాక్టర్ దానికి లొంగకుండా పోతోందని తేలాక అమెరికా 2005లో కోళ్ళలో దాని వాడకాన్ని నిషేధించింది. అక్కడి చట్టం దృష్టిలో పేరు పెట్టి పెంచుకున్న కోడి కూడా ఆహార జంతువే. యజమాని దానిని ఎప్పటికీ తినను అన్నా సరే, నిషేధించిన మందు దానికి ఇవ్వకూడదు. మొదట చదివినప్పుడు ఇది మొండి నియమం అనిపించింది. ఇస్తిరాహా చూశాక అర్థమైంది. కోడిని తినరు, గుడ్లు తింటారు. తామే తినకపోతే పొరుగువారికి ఇస్తారు. మంచి పశువైద్యుడు మందు పేరుతో పాటు ఎన్ని రోజులు గుడ్లు పారేయాలో కూడా కాగితం మీద రాసి ఇస్తారు. అది రాయని చీటీ సగం చీటీయే.

ఆ కాపలా మనిషి తప్పు ఇందులో చాలా తక్కువ. మిగిలిన మాత్రలు ఏం చేయాలో నేను చెప్పలేదు. ఏం పని చేస్తారని మొదటిసారి వచ్చినప్పుడే అడగలేదు. అడిగి ఉంటే కోళ్ళ సంగతి ఇంకాస్త ముందే తెలిసేదేమో. అప్పటి నుంచీ జ్వరం, దగ్గు, ఎర్రకన్ను, విరేచనాలు ఉన్న ప్రతి రోగినీ ఇంట్లో పక్షులున్నాయా అని అడుగుతున్నాను.

పెరట్లో కోళ్ళున్నవారికి

ఈ పత్రిక పాఠకులలో చాలామంది అమెరికాలోనో, ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. గుడ్ల ధర పెరిగాకనో, పిల్లలు అడిగారనో పెరట్లో నాలుగు కోళ్ళను పెట్టుకున్నవారు ఉంటారు. 2020లో ఒక్క అమెరికాలోనే పెరటి కోళ్ళ ద్వారా సాల్మొనెల్లా సోకినట్లు గుర్తించినవారు 1,700కు పైమాటే. ఇంగ్లండు, వేల్స్‌లలో 2024 అక్టోబరు నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. రోగం వస్తే ఎవరికి చెప్పాలో ముందే తెలిసి ఉండటానికే ఆ నమోదు.

కోళ్ళు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, కోళ్ళను చూసే పశువైద్యుడు మీ ఊరిలో ఎవరున్నారో, ఇంటికి వస్తారో రారో కనుక్కోండి. కుక్కలనూ పిల్లులనూ చూసే వైద్యులలో చాలామంది కోళ్ళను చూడరు. జబ్బు వచ్చాక వెదకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. గూటి దగ్గరకు వెళ్ళడానికే ఒక చెప్పుల జత వేరుగా పెట్టుకోండి. కోళ్ళను ముట్టుకున్నాక పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించండి, ముద్దు పెట్టుకోనివ్వకండి. ఒక కోడి చనిపోతే అది వయసు కావచ్చు, రెండు రోజుల్లో రెండు చనిపోతే ఫోన్ చేయండి. వచ్చిన వైద్యుడు గేటు దగ్గర ఆగి బూట్లు మార్చుకుంటున్నారా లేదా చూడండి. మార్చుకోకపోతే అడగడానికి మొహమాటపడకండి.

మీ కోళ్ళను మీ కోసం ఇంకెవరైనా చూసుకుంటున్నట్లయితే, ముందు వారికి చేతి తొడుగులు, ముఖానికి మాస్కు కొనివ్వండి. ఇస్తిరాహాలో అన్నిటికంటే ఎక్కువసేపు కోళ్ళతో గడిపింది ఆ కడప మనిషే. పెంట ఎత్తింది, చచ్చినవాటిని పూడ్చింది, కన్ను నలుపుకున్నది ఆయనే. పదో రోజున ఆయన మళ్ళీ క్లినిక్‌కు వచ్చారు. కన్ను తెల్లబడింది. చేతిలో నా పాత చీటీ, మిగిలిన రెండు మాత్రలు ఉన్నాయి. "ఇవి మీకే ఇచ్చేస్తా సార్, నాకొద్దు" అని బల్ల మీద పెట్టారు.